వెలుగు పనెంత, వేడి పనెంత?

అమ్మోనియాను విడగొట్టి హైడ్రోజన్ రాబట్టాలంటే ఉత్ప్రేరకాన్ని బాగా కాగబెట్టాలి. రసాయన పరిశ్రమ ఏనాటి నుంచో నమ్మే మాట ఇది. 2018లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం నుంచి నవోమీ హలాస్, పీటర్ నోర్డ్‌లాండర్ల బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఆ నమ్మకాన్ని కదిపింది. రాగి నానోకణాల మీద కొద్దిపాటి రుథేనియం చేర్చి, వాటి మీద వెలుగు ప్రసరింపజేస్తే, ఈ చర్య దాటాల్సిన శక్తి అవరోధం 1.21 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 0.35కు దిగిపోయిందని వాళ్లు ప్రకటించారు. ఏడాది తిరక్కుండానే, 2019లో, అదే పత్రికలో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోనతన్ సివాన్, ఆయన సహచరులు అడ్డు తగిలారు. మీరు ఉష్ణోగ్రత కొలిచిన తీరే సరిగ్గా లేదు, కణాలు మీరనుకున్నదాని కంటే వేడెక్కాయి, ఆ లెక్క సరిచేస్తే వెలుగు మహిమంటూ ఏమీ మిగలదు అన్నది వాళ్ల వాదన. రైస్ బృందం జవాబిచ్చింది. సివాన్ బృందం మరో వ్యాసం రాస్తూ, లోహ నానోకణాలు ఉట్టి వేడి పుట్టించే సాధనాలు తప్ప మరేమీ కావన్న మాటను ఏకంగా శీర్షికలోనే పెట్టింది. అప్పటి నుంచి ఈ రంగంలో ఏ వ్యాసం వచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది వెలుగు చేసిందా, వేడి చేసిందా? ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు వెతుకుతున్న చోటు సరైనది కాదని నా అభిప్రాయం. చర్య ఎంత వేగంగా సాగిందన్న దాన్ని పట్టుకుని ఇరుపక్షాలూ వాదిస్తున్నాయి. వేగం ఈ తగువును తీర్చలేదు. వెలుగు పడినప్పుడు పుట్టే పదార్థం మారిందా లేదా అన్నదే తీర్చగలదు.

లోహపు రేణువులకూ వెలుగుకూ ఉన్న సంబంధం కొత్తది కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నాలుగో శతాబ్దపు రోమన్ గాజు పాత్ర, లైకర్గస్ కప్పు, బయటి నుంచి వెలుగు పడితే ఆకుపచ్చగా, లోపలి నుంచి వెలుగు వస్తే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో కలిసిపోయిన బంగారు, వెండి నానోకణాలే అందుకు కారణం. 1857లో మైకేల్ ఫారడే బంగారాన్ని నీటిలో అతి సన్నని రేణువులుగా తయారుచేసి, ఆ ద్రవం కెంపురంగులో ఉండడానికి రేణువుల పరిమాణమే కారణమని గ్రహించాడు. ఆ రంగును గణితంతో వివరించినవాడు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ, 1908లో. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లన్నీ పడిన వెలుగుకు తగ్గట్టు ఒక్కుమ్మడిగా ఊగుతాయి. ఈ సామూహిక ఊపునే ప్లాస్మాన్ అంటున్నాం. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఆ ఊపు పతాక స్థాయికి చేరుతుందన్నది లోహాన్ని బట్టీ, కణం ఆకారాన్ని బట్టీ ఉంటుంది. నీటిలోని చిన్న బంగారు గోళాలకు అది దాదాపు 520 నానోమీటర్లు, వెండి గోళాలకు 400 నానోమీటర్ల దరిదాపులు. బంగారాన్ని గోళంగా కాక కడ్డీగా సాగదీస్తే పరారుణం దాకా జరుగుతుంది. రసాయన శాస్త్రవేత్తకు ఆశ పుట్టించింది ఈ వెసులుబాటే. ఏ రంగు వెలుగును పట్టాలో కణాన్ని మలిచే చేయి నిర్ణయించవచ్చు.

పట్టిన తర్వాత ఏమవుతుందన్నది అసలు కథ. ప్లాస్మాన్ ఊపు పదీ ఇరవై ఫెమ్టోసెకన్లు మించి నిలవదు. కొంత శక్తి మళ్లీ వెలుగుగా చెదిరిపోతుంది, మిగతాది ఎలక్ట్రాన్లకు దక్కుతుంది. ఒక్కో ఎలక్ట్రాన్ ఫోటాన్ శక్తి మొత్తాన్ని మింగి, పరిసరాల ఉష్ణోగ్రతతో పొంతన లేనంత పై స్థాయికి ఎగురుతుంది. వీటినే వేడి ఎలక్ట్రాన్లంటున్నారు. కొన్ని వందల ఫెమ్టోసెకన్లలో అవి తోటి ఎలక్ట్రాన్లతో ఢీకొని శక్తిని పంచేసుకుంటాయి, కొన్ని పికోసెకన్లలో లోహపు అణుజాలకానికి ఇచ్చేస్తాయి, మరో వంద పికోసెకన్లు గడిచేసరికి అది చుట్టూ ఉన్న ద్రవంలోకో వాయువులోకో మామూలు వేడిగా పాకిపోతుంది. ఈ పరుగు మధ్యలో ఏదో ఒక వేడి ఎలక్ట్రాన్ కణం ఉపరితలానికి అంటుకుని ఉన్న అణువులోకి దూకి, దాని బంధాన్ని సడలించగలిగితే అది వెలుగు చేసిన రసాయనం. దూకలేకపోతే మిగిలేది వేడి. అయితే ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. 20 నానోమీటర్ల బంగారు గోళం మామూలు ఎండలో స్థూలంగా మైక్రోసెకనుకు ఒక ఫోటాన్ మింగుతుంది. మింగింది చల్లారడానికి పికోసెకన్లు చాలు. రెండింటి మధ్య తేడా లక్షల రెట్లు. అంటే ఏ క్షణాన చూసినా ఆ కణంలో వేడి ఎలక్ట్రాన్ దాదాపు ఉండదు. ఇలాంటి అరుదైన అతిథితో పని జరుగుతుందంటే నమ్మేదెలా అని సంశయవాదులు అడగడంలో తప్పులేదు. కానీ అరుదు అన్నంత మాత్రాన పనికిరానిదని అర్థం కాదు. సెకనుకు పది లక్షల ఫోటాన్లు మింగే కణంలో వెయ్యింట ఒకటి ఫలించినా సెకనుకు వెయ్యి అణువులు మారతాయి. ఉత్ప్రేరకాల లోకంలో అది చిన్న సంఖ్యేమీ కాదు. సిద్ధాంతం ఒక్కటే తేల్చగలిగిన సంగతి కాదిది. ప్రయోగం దగ్గరికి రావాలి.

ప్రయోగాల్లో రెండింటిని మైలురాళ్లుగా చెబుతారు. 2011లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సుల్యో లినిక్, ఫిలిప్ క్రిస్టఫర్ తదితరులు వెండి నానోఘనాల మీద ఎథిలీన్‌ను ఆక్సీకరించారు. ఎథిలీన్ ఆక్సైడ్ తయారీకి పరిశ్రమ వాడేది ఎటూ వెండినే. ఎండకు అటూఇటూగా ఉండే తీవ్రత గల దృశ్యకాంతిని చేర్చితే, మామూలు కన్నా తక్కువ ఉష్ణోగ్రతలోనే అదే వేగం అందింది. బరువైన ఆక్సిజన్ ఐసోటోపును వాడినప్పుడు చర్య ఎంత మందగిస్తుందో చూస్తే, చీకట్లో కన్నా వెలుగులో ఆ తేడా ఎక్కువగా తేలింది. ఎలక్ట్రాన్ దూకి ఆక్సిజన్ బంధాన్ని కదిపితే జరగాల్సింది అదే. రెండోది 2013లో రైస్ బృందం చేసినది. హైడ్రోజన్ అణువు బంధం దాదాపు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు, గది ఉష్ణోగ్రతలో బంగారం దాన్ని విడగొట్టదు. హైడ్రోజన్, డ్యుటీరియం వాయువులను కలిపి బంగారు కణాల మీద పంపి వెలుగు వేస్తే, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి చేరిన హెచ్‌డి అణువులు కనిపించాయి. బంధం తెగిందన్నమాట. రెండూ గొప్ప ప్రయోగాలే, రెండూ వేగం చుట్టూ తిరిగేవే.

వేగాన్ని సాక్ష్యంగా తీసుకోవడంలో చిక్కు ఎక్కడుందంటే, అది ఉష్ణోగ్రతతో పాటు ఎగబాకే తీరులో ఉంది. 1.21 ఎలక్ట్రాన్ వోల్టుల అవరోధం ఉన్న చర్య 600 కెల్విన్‌ల దగ్గర నడుస్తోందనుకుందాం. ఉష్ణోగ్రత కొలతలో ఇరవై డిగ్రీలు పొరబడితే చాలు, వేగం రెట్టింపవుతుంది. ఉత్ప్రేరకపు పొడి పైపొరను థర్మల్ కెమెరా చూస్తుంది, లోపలి పొరల్లో ఏముందో చూడదు. పైపొరకైనా, ఉద్గార సామర్థ్యం ఎంతో సరిగ్గా తెలియకపోతే కెమెరా తప్పు సంఖ్య చెబుతుంది. వెలుగు తీవ్రత పెంచినకొద్దీ కణాలు మరికాస్త వేడెక్కుతున్నాయన్న సంగతి లెక్కలోకి తీసుకోకపోతే, గ్రాఫులో ఆ వేడి అంతా అవరోధం తగ్గినట్టుగా కనిపిస్తుంది. వాలు తగ్గిన ఆ గీతే తొందరపాటుకు దారి తీస్తుంది. దీనికి ప్రతిగా సాధారణంగా రెండు సమాధానాలు చెబుతారు. మొదటిది, వేగం వెలుగు రంగును అనుసరించి మారుతోంది, ప్లాస్మాన్ పతాకం దగ్గరే ఎక్కువగా ఉంది అని. కానీ కణం ఎక్కువ వెలుగు మింగే రంగులోనే ఎక్కువ వేడెక్కుతుంది కదా! ఆ వాదన రెండు వైపులకూ సమానంగా పనికొస్తుంది. రెండోది, ఒక్కో నానోకణం వెలుగులో వేడెక్కేది ఎంతని ఎదురుప్రశ్న. ఈ మాట మాత్రం నిజం. నీటిలో ఉన్న 20 నానోమీటర్ల బంగారు గోళం ఎండలో వేడెక్కేది డిగ్రీలో లక్షో వంతు కూడా ఉండదు. అయితే రియాక్టరులో ఒంటరి కణం ఉండదు. మిల్లీలీటరుకు కోట్లాది కణాలు, ఒక్కోటి వదిలే లేశపు వేడి కలిసి పాత్రంతటినీ కాచేస్తుంది. గియోమ్ బఫూ, ఆండ్రియా బాల్డి, రొమెయిన్ కిదాంత్‌లు 2020లో ఈ వేడినీ ఎలక్ట్రాన్ పనినీ వేరుచేసే సులభ పరీక్షలను వరుసగా చెప్పారు. వెలుగు తీవ్రతను, పుంజం వెడల్పును, రంగును వేర్వేరుగా మార్చి చూడమన్నారు. చాలామంది ఇంకా అవి పూర్తిగా చేయడం లేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్రశాంత్ జైన్ వేడి వాదాన్ని గట్టిగా ఖండించినవారిలో ఒకరు. ఆయన చెప్పినదాంట్లోనూ బలముంది. వేడితో సరిపెట్టగలిగే సంఖ్యలు దొరికాయని వేడే కారణమని తేలదు. వేగం ఒక్కటే చేతిలో ఉన్నంత కాలం ఇరుపక్షాలూ ఎవరికి వారు తమ గీతను ఆ బిందువుల గుండానే గీసుకోగలరు.

ఈ సందర్భంలో పక్కదారిలో ఉన్న ఒక కథ చాలా నేర్పుతుంది. సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన పరిక్షేపణం లోహ నానో ఉపరితలాల మీద లక్షల రెట్లు బలపడుతుందని 1970లలో తెలిసింది. అప్పటి నుంచి లేశమాత్రపు పదార్థాన్ని గుర్తించడానికి ఇది చక్కటి సాధనమైంది. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ లేజరుతో లోహాన్ని చెక్కి నానో ఉపరితలాలు చేసి, పేలుడు పదార్థాల జాడ పట్టే పని ఏళ్ల తరబడి సాగుతోంది. ఈ సాధనానికి ఉదాహరణగా ఎక్కువగా వాడిన అణువుల్లో పారా అమినోథయోఫినాల్ ఒకటి. వెండి మీద దాని వర్ణపటంలో కొన్ని గీతలు లెక్కకు అందనంత బలంగా వచ్చేవి. లోహానికీ అణువుకూ మధ్య ఎలక్ట్రాన్ అటూఇటూ తిరగడం వల్ల అని 1990లలో ఒక వివరణ స్థిరపడింది. సుమారు 2010 ప్రాంతంలో చైనాలోని షియామెన్ విశ్వవిద్యాలయంలో వూ దెయిన్, తియన్ జోంగ్‌చున్ బృందం ఆ గీతలు అసలు ఆ అణువువే కావని, కొలవడానికి వేసిన లేజరే రెండు అణువులను జతచేసి మరో పదార్థంగా మార్చేస్తోందని చూపింది. శాస్త్రవేత్తలు చాలా కాలం పాటు చర్యను జరుపుతూ, చర్య జరగలేదనుకుని కొలతలు తీశారు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది పొరపాటు కాదు, అది బయటపడిన దారి. ఎవరూ వేగాన్ని కొలవలేదు. ఏ పదార్థం ఉందని అడిగారు, రహస్యం బయటపడింది.

అదే ప్రశ్నను నేరుగా ఉత్ప్రేరకాల మీద ప్రయోగించిన రెండు పరిశోధనలు నా దృష్టిలో ఈ రంగంలోకెల్లా బలమైనవి. మొదటిది 2017లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జీ లియూ, హెన్రీ ఎవరిట్ బృందానిది. కార్బన్ డయాక్సైడ్‌కు హైడ్రోజన్ చేర్చే చర్యలో రోడియం నానోఘనాలు చీకట్లో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ రెండింటినీ ఇంచుమించు సమానంగా ఇస్తాయి. అతినీలలోహిత కాంతి పడగానే మీథేన్ విపరీతంగా పెరిగింది, మోనాక్సైడ్ వెనకబడింది. కాంతి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ ఉపరితలం మీది మధ్యస్థ అణువులోకి దూకి, దాన్ని మీథేన్ దారికే మళ్లిస్తోందని వాళ్లు వివరించారు. వేడే అయితే రెండు దారులూ కలిసి ఊపందుకోవాలి. వేడి వాటాలను కొంత మార్చవచ్చు గానీ, ఒక దారిని పట్టుకుని మరోదాన్ని వదిలేయదు. రెండోది 2013లో లినిక్ బృందం రాగితో చేసినది. ప్రొపిలీన్ ఆక్సైడ్ పరిశ్రమకు కీలకమైన సరుకు, కానీ ప్రొపిలీన్‌కు ఆక్సిజన్ అందిస్తే ఎక్కువ భాగం అనవసర పదార్థాలుగా పోతుంది. రాగి కణాల ఉపరితలం చర్య నడుస్తుండగానే ఆక్సైడుగా మారిపోవడం ఒక కారణం. వెలుగు వేస్తే ఆ ఆక్సైడు మళ్లీ లోహంగా మారింది, ప్రొపిలీన్ ఆక్సైడ్ వాటా గణనీయంగా పెరిగింది. వెలుగు ఆపితే ఉపరితలం తిరిగి ఆక్సైడయింది. ఇక్కడ వెలుగు అణువును కాదు, ఉత్ప్రేరకాన్నే తిప్పుతోంది. వెలుగు కోసం వెతుకుతున్నవారికి ఇది కొంత నిరాశే కావచ్చు. చర్య మీద అదుపు కావాలనుకునేవారికి మాత్రం ఇంతకన్నా మంచి తాళంచెవి ఉండదు.

ఇలా అనగానే రెండు అభ్యంతరాలు వస్తాయి. ఉష్ణోగ్రత మారినా పదార్థాల వాటాలు మారతాయి కదా, అప్పుడు పదార్థం మారడం మాత్రం వెలుగు గుర్తెలా అవుతుంది? అవును, మారతాయి. అందుకే చీకట్లో వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర వాటాల పట్టిక ముందే సిద్ధం చేయాలి. వెలుగులో వచ్చిన వాటా ఆ పట్టికలో ఏ ఉష్ణోగ్రత దగ్గరా లేకపోతే, ఇరవై డిగ్రీలు కాదు, వంద డిగ్రీలు పొరబడినా ఫలితం చెదరదు. వేగం విషయంలో ఈ భద్రత దొరకదు. రెండో అభ్యంతరం కాస్త సూక్ష్మమైనది. 2019లో డ్యూక్ బృందమే రుథేనియం ఉత్ప్రేరకంతో అమ్మోనియా తయారుచేస్తూ, పైనుంచి వెలుగు పడటం వల్ల ఉత్ప్రేరక పొరలో ఏర్పడే ఉష్ణోగ్రత వాలు కారణంగా దిగుబడి ఎంతో పెరిగిందని చూపింది. వేడి వైపు వేగంగా చర్య, చల్లని వైపు అమ్మోనియా విరిగిపోకుండా నిలవడం. ఇందులో వేడి ఎలక్ట్రాన్ల పాత్ర ఉందో లేదో గానీ, పొయ్యితో వేడి చేస్తే ఈ వాలు కుదరదు. అంటే వెలుగు, వేడి అని నిలువునా చీల్చడమే పూర్తిగా సరైనది కాదు. వెలుగు తెచ్చిన వేడి ఎక్కడ పడిందన్నదీ అదుపులో భాగమే. దీన్ని కాదనడం లేదు. ఎలాగైతేనేం, ఫలితంగా వచ్చిన పదార్థం, దాని దిగుబడి చీకటి పట్టికలో లేనిదైతే, అది వెలుగు ఖాతాలో పడుతుంది.

ఈ కొలమానంతో చూస్తే, తగువులకు దూరంగా ఉన్న ఒక పాత పని మరింత మెరుస్తుంది. 2001లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చాద్ మిర్కిన్ బృందం వెండి నానోగోళాల ద్రావణాన్ని మామూలు ఫ్లోరసెంట్ దీపం కింద ఉంచితే, అవి క్రమంగా పలుచని త్రిభుజాకార బిళ్లలుగా మారాయి. పసుపు ద్రవం నీలంగా తిరిగింది. చీకట్లో ఉంచినవి గోళాలుగానే ఉండిపోయాయి. తర్వాత 2003లో వేసే తరంగదైర్ఘ్యాన్ని మార్చి బిళ్లల పరిమాణాన్ని కూడా నిర్దేశించవచ్చని చూపారు. దీన్ని ఉత్ప్రేరకాల కథలో సాధారణంగా చేర్చరు. చేర్చాలి. వెలుగు రసాయనాన్ని నడిపించిందని చెప్పడానికి ఇంత నిర్వివాదమైన ఉదాహరణలు ఎక్కువ లేవు.

ఇక ఈ విద్య ఎందుకు పనికొస్తుందన్నది. ఇక్కడా లెక్కే మాట్లాడాలి. ఒక మోల్ అమ్మోనియాను విడగొట్టడానికి కావలసిన శక్తి 46 కిలోజౌళ్లు. ఒక మోల్ ఆకుపచ్చ ఫోటాన్లలో ఉన్నది దాదాపు 225 కిలోజౌళ్లు. ఒక్కో అమ్మోనియా అణువుకు ఒక్కో ఫోటాన్ వంతున, ఏదీ వృథా కాకుండా పనిచేసినా, కావలసిన దానికి అయిదు రెట్లు ఖర్చు పెట్టినట్టే. అయిదు ఫోటాన్లలో ఒకటే ఫలిస్తే ఖర్చు 1100 కిలోజౌళ్లు దాటుతుంది. ఆ అమ్మోనియా నుంచి వచ్చే ఒకటిన్నర మోల్ హైడ్రోజన్‌ను మండిస్తే తిరిగొచ్చేది 363 కిలోజౌళ్లు. కరెంటుతో ఎల్‌ఈడీ వెలిగించి ఈ పని చేయాలంటే, ఫలించని ఫోటాన్ల వేడి కూడా చర్యకే ఉపయోగపడి తీరాలి. చిత్రమేమిటంటే, వేడి పాత్ర లేదని నిరూపించాలని తాపత్రయపడే వర్గం తన ప్రయోగం గెలిస్తే వ్యాపారంలో ఓడిపోతుంది. రైస్ బృందం 2022లో ఖరీదైన రుథేనియం బదులు ఇనుమును రాగికి జోడించి, ఎల్‌ఈడీ వెలుగులో అమ్మోనియా నుంచి హైడ్రోజన్ తీసింది. ఆ విద్య మీద హ్యూస్టన్‌లో సిజిజీ ప్లాస్మానిక్స్ అనే సంస్థ నడుస్తోంది. చౌక లోహం వైపు ఈ మలుపు నిజంగా విలువైనది. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా కర్మాగారం తలపెట్టిన ఈ రోజుల్లో, ఓడలెక్కి వెళ్లిన అమ్మోనియాను దిగిన చోట తిరిగి హైడ్రోజన్‌గా విడగొట్టడం మనకూ సంబంధించిన లెక్కే అవుతుంది. కానీ టన్నుల మీద టన్నులు చేసే సరుకుకు ఫోటాన్ ఖరీదు భరించడం కష్టం. ఎండను నేరుగా వాడితే తప్ప. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో వివేక్ పోల్‌శెట్టివార్ బృందం బంగారు కణాలను నార లాంటి సిలికా మీద దగ్గర దగ్గరగా పేర్చి, ఎండలోని రంగులన్నిటినీ మింగే నల్ల బంగారాన్ని తయారుచేసింది, తర్వాత దానికి నికెల్ చేర్చి కార్బన్ డయాక్సైడ్ మీద వాడింది. ఎండ అంతటినీ పట్టి, వెలుగునూ వేడినీ రెండింటినీ పనిలో పెట్టే ఇలాంటి దారి ఎల్‌ఈడీ దారి కంటే మన వాతావరణానికి నప్పుతుంది. మిగిలిన చోట్ల, కిలో ధర వేలల్లో ఉండి, తప్పుడు అణువు పుట్టిన ప్రతిసారీ నష్టం తెచ్చే సూక్ష్మ రసాయనాల్లోనే ఈ విద్యకు ముందుగా గిరాకీ ఉంటుందని నా అంచనా. అక్కడ కొనేవాడు వేగానికి కాదు, స్వచ్ఛతకు డబ్బిస్తాడు.

అందుకే ఈ రంగంలో పనిచేస్తున్న మన పరిశోధకులకూ, వాళ్ల వ్యాసాలను పరిశీలించే పెద్దలకూ ఒక విన్నపం. వెలుగులో వేగం ఇన్ని రెట్లు పెరిగిందన్న వాక్యాన్ని వ్యాసం ముఖద్వారంలో పెట్టకండి, పెట్టనివ్వకండి. చీకట్లో, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర, ఏ పదార్థం ఎంత వచ్చిందో చూపే పట్టిక లేని వ్యాసాన్ని, రాసినవారి పేరు ఎంత పెద్దదైనా సరే, తిప్పి పంపండి.